నట్టు ముందా, ఫ్లేర్ ముందా?

పాత ట్రక్కు వెనక బ్రేకుల పని ‘ఒక్క ఆదివారం చాలు’ అన్న మాటతో మొదలవుతుంది. ఏ ఆదివారమో మాత్రం ఎవరూ చెప్పరు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 1950ల నాటి బండిలో సెన్సర్లు లేవు, కంప్యూటరు లేదు. చక్రానికో డ్రమ్ము, దాన్ని లోపలినుంచి ఒత్తి ఆపే రెండు షూలు, గుప్పెడు స్ప్రింగులు, పైన ఆ షూలని తోసే బొటనవేలంత వీల్ సిలిండరు. చిక్కంతా వరసలో ఉంది. రెండో పని ముందు చేశామా, మొదటి పని ఇక చెయ్యనివ్వదు.

గేర్ ఆయిలు సంగతే చూడండి. వెనక చక్రాల మధ్య గేర్లుండే పెట్టెకి, అంటే డిఫరెన్షియల్ హౌసింగుకి, కింద ఒక ప్లగ్గు, పక్కన కాస్త పైన ఒక ప్లగ్గు. కిందది ఆయిలు దింపడానికి, పైది పోయడానికి. మనిషి చెయ్యి ఎప్పుడూ కిందదాని మీదకే పోతుంది. అది ఊడుతుంది కూడా, ఎంతో మర్యాదగా. తారులాంటి ఆయిలు గంధకం కంపు కొడుతూ పళ్లెంలోకీ, చొక్కా చేతిలోంచి మోచేతి దాకా దిగుతుంది. ఇప్పుడు పైది. అది తుప్పు పట్టి హౌసింగుతో ఏకమైపోయింది. పానా వేస్తే తల గుండ్రంగా అరిగింది. కొత్త ఆయిలు పోసే దారి లేదు. ఊడదీయగల మనిషి దగ్గరికి బండి తోలుకుపోదామంటే లోపల చుక్క ఆయిలు లేదు. కాబట్టి ముందురోజే పై ప్లగ్గు చుట్టూ తుప్పు వదిలే నూనె పట్టించి, సుత్తితో నాలుగు వైపులా మెల్లగా తట్టి, అది కదిలాకే కిందదాని జోలికి వెళ్లాలి. మళ్లీ నింపేటప్పుడు పై రంధ్రం కింది అంచుకి ఆయిలు అందితే చాలు. ‘ఇంకాస్త ఉంటే మంచిదేగా’ అని పోసింది ఎక్కడ తేలుతుందో కాసేపట్లో చూద్దాం.

చక్రాల నట్లది ఇంకో తమాషా. ఆ కాలపు ట్రక్కుల్లో చాలావాటికి ఎడమవైపు స్టడ్లకి, అంటే నట్టు ఎక్కే బోల్టులకి, ఎడమ మర ఉంటుంది. అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. స్టడ్డు కొసన చిన్న ‘ఎల్’ అక్షరం చెక్కి మరీ చెప్పారు, కానీ దాని మీద మట్టి ఉంది. పానాకి బారెడు గొట్టం తగిలించి, ఇద్దరు మనుషులు ఊగి ఊగి, ‘అబ్బ, ఎంత బిగిసిందో’ అనుకుంటూ అరగంట పాటు ఇంకా బిగిస్తారు. చివరికి స్టడ్డు టప్పున విరుగుతుంది. ఊడిందనుకుని చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు.

చక్రం నడిమి హబ్బు, కోసుగా ఉన్న యాక్సిల్ షాఫ్టు మీద కూర్చునే రకమైతే అసలు నాటకం అక్కడుంది. నట్టు తిరగకుండా ఆపే చీలిక పిన్ను తీసి, పెద్ద నట్టు విప్పి, డ్రమ్ము పట్టుకు లాగితే రాదు. దశాబ్దాలుగా ఆ కోసులో బిగుసుకున్నది లాగితే ఎందుకు వస్తుంది? అంచున సుత్తితో కొడితే డ్రమ్ము పగులుతుంది. షాఫ్టు కొసన కొడితే మర నలిగి పుట్టగొడుగు అవుతుంది. హబ్బుని పట్టి లాగే పుల్లరు కావాలి. నట్టుని పూర్తిగా తీసెయ్యకుండా రెండు చుట్లు వదులు చేసి అక్కడే ఉంచాలి. పుల్లరు బోల్టు బాగా బిగించి, దాని తల మీద ఒక్క దెబ్బ వేసి, రాకపోతే ఇంకో పావు చుట్టు బిగించి, వదిలేసి పోవాలి. లోహం తన తీరికలో తాను నిర్ణయించుకుంటుంది. అర్ధరాత్రి షెడ్డులోంచి తుపాకీ పేలినట్టు ‘ఢాం’మంటుంది. ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. బరువైన డ్రమ్ము గోడ దాకా పోకుండా ఆపింది ఆ రెండు చుట్ల నట్టే.

డ్రమ్ము వచ్చింది. లోపలి నల్లటి పొడిని ఉఫ్ అని ఊదకండి, గాలి పైపు కూడా పెట్టకండి. షూల మీద అతికిన పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి చేరితే తిరిగి రాదు. తడిపి, తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారెయ్యాలి.

ఇక షూలు. రెండువైపులా ఒకేసారి విప్పి స్ప్రింగులన్నీ ఒకే డబ్బాలో పోస్తే, సాయంత్రానికి మిగిలేది రంగురంగుల స్ప్రింగుల జాతర. ఒకవైపు పని పూర్తయ్యేదాకా రెండోవైపు ముట్టుకోకూడదు. అనుమానం వచ్చినప్పుడల్లా వెళ్లి చూసుకోడానికి అదే బొమ్మ. అయితే అది అద్దంలో బొమ్మ, ఎడమ కుడి అవుతుంది. ఆ సంగతి మరిచి అచ్చు అలాగే బిగించినవాళ్ల బండికి ఒకవైపు పొట్టి లైనింగు షూ ముందుకీ, రెండోవైపు వెనక్కీ వెళ్తాయి. ఒక షూ రెండోదాన్ని తోసే రకం బ్రేకుల్లో పొట్టిది ముందువైపు, పొడుగుది వెనకవైపు ఉండాలి. తారుమారైతే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకే గుంజుతుంది.

కొత్త షూలు వేశాక రెండు వారాలకే లైనింగు జిడ్డుగా మెరుస్తుంది. గేర్ ఆయిలు బయటికి రాకుండా ఆపే సీలు పోయిందని కొత్తది వేస్తారు. అదీ కారుతుంది. ఇంకొకటి. పాపం సీలు తప్పేమీ లేదు. హౌసింగు మీద చిటికెన వేలంత గాలి గొట్టం ఉంటుంది, బ్రీదరు. దాని నోట్లో ఏళ్లనాటి మట్టి. బండి నడిచి లోపల వేడెక్కితే గాలి పోయే దారిలేక, ‘ఇంకాస్త ఉంటే మంచిదేగా’ అని పోసిన ఆ ఆయిలునే సీలు దాటించి షూ మీదకి తోస్తుంది. సన్నటి తీగతో బ్రీదరుని పొడిచేస్తే సగం రోగం పోతుంది. ఆయిలు తాగిన లైనింగు మాత్రం కడిగినా బాగుపడదు, వేడెక్కినప్పుడల్లా మళ్లీ కక్కుతుంది. మార్చాల్సిందే. వీల్ సిలిండరు రబ్బర్లని కూడా పెట్రోలుతో కడగొద్దు, బ్రేకు ఆయిలుతోనే కడగాలి. పెట్రోలు తగిలిన రబ్బరు ఉబ్బి సిలిండరులో ఇరుక్కుంటుంది.

కొత్త బ్రేకు పైపు వంచడం దగ్గర మనిషి తెలివి పూర్తిగా బయటపడుతుంది. 4.75 మిల్లీమీటర్ల ఉక్కు పైపు. కొలిచి, కోసి, అంచు నున్నగా రాకి, పనిముట్టులో బిగించి, కొసని బయటికి విచ్చుకునేలా, రెండు మడతల ఫ్లేరుగా తీర్చాలి. ఒక్క మడతైతే ఒత్తిడికి చీలుతుంది. మొదటి ఫ్లేరు పువ్వులా వస్తుంది. పగులు లేదు, వంకర లేదు. వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంటారు. అప్పుడు బల్ల మీద నట్టు కనిపిస్తుంది. అది ఫ్లేరు చెయ్యకముందే పైపులోకి ఎక్కాలి, ఇప్పుడు ఎక్కదు. పువ్వుని కోసెయ్యాలి.

రెండోసారి నట్టు ముందే ఎక్కిస్తారు. ఫ్లేరు ఇంకా బాగా వస్తుంది. నట్టు తిరగబడి ఉంటుంది. మూడోసారి రెండు నట్లూ, సరైన ముఖాలతో, రెండు చివరలా రెండు ఫ్లేర్లు. రాళ్లు తగలకుండా పైపు చుట్టూ ఉండే స్ప్రింగు కవచం మాత్రం బల్ల మీదే ఉంటుంది. ఈపాటికి కోసిన ముక్కలన్నీ కలిసి పైపు జానెడు పొట్టిది అయ్యుంటుంది కూడా.

చివరికి బ్రేకు పైపుల్లోంచి గాలి తియ్యడం. పెడలు తొక్కితే పైపుల్లోకి ఆయిలు తోసే మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కింద ఒకరు గాలి వదిలే నిప్పిలు దగ్గర, దాని గొట్టం కొస సీసాలో ముంచి, పైన ఒకరు పెడలు మీద. పెడలు కింద చెక్కముక్క పెట్టి, నేల దాకా పోకుండా చూడాలి. పాత మాస్టర్ సిలిండరు లోపలి భాగంలో రబ్బరు ఎన్నడూ తిరగని చోట తుప్పు ఉంటుంది, అక్కడిదాకా తొక్కితే రబ్బరు చిరుగుతుంది. పైనుంచి తొక్కాలి, కింద నిప్పిలు విప్పాలి, బుడగలు పోయాక బిగించాలి, ఆ తరవాతే కాలు ఎత్తాలి. నిప్పిలు తెరిచి ఉండగా కాలు ఎత్తితే పోయిన గాలి అంతా తిరిగొస్తుంది.

పెడలు మీద కూర్చునేది బావమరిది.

“తొక్కు!”

“తొక్కా బావా.”

“వదలకు!”

బండి కిందనుంచి, చక్రం చాటునుంచి, నోట్లో టార్చిలైటు పెట్టుకుని అరిచిన ‘వదలకు’ పైకి ‘వదులు’గా చేరుతుంది. వదులుతాడు. సీసాలోని బుడగలు గొట్టం వెంట వరసగా ఇంటికి తిరిగి వెళ్తాయి.

“వదిలావా?”

“వదలమన్నావుగా?”

అందుకే ఈ పనిలో ‘వదులు’ అనే క్రియనే నిషేధించాలి. ‘తొక్కు’, ‘ఎత్తు’, ఈ రెండే మాటలు. కింద మాట పైనవాడు తిరిగి చెప్పాకే కదలాలి. అలా నాలుగు చక్రాలూ తిరిగి, నడుం పట్టేసి, సీసాలో బుడగలు ఆగి, పెడలు రాయిలా గట్టిపడుతుంది.

“చాలు, దిగు. అన్నట్టు మధ్యమధ్యలో మాస్టర్ సిలిండరు డబ్బాలో ఆయిలు పోస్తున్నావుగా?”

“నేనా?”

“మరెవరు?”

“చూస్తా ఉండు బావా.”

మూత తీసిన చప్పుడు. ఆ పైన చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

“ఎంతుంది?”

“అడుగు చాలా శుభ్రంగా ఉంది బావా.”