మూడో పిన్‌టెయిల్ గొడవ

2025-26 సీజన్‌కి అమెరికాలో పిన్‌టెయిల్ (సన్నని పొడవాటి తోక ఉండే ఒక రకం అడవి బాతు) లిమిట్‌ని, అంటే ఒక వేటగాడు రోజుకు కొట్టగల సంఖ్యని, 1 నుంచి 3కి పెంచినప్పటి నుంచి బాతుల వేటగాళ్ల మధ్య ఒకటే రచ్చ. "ఇన్నాళ్లకు!" అని పండగ చేసుకునేవాళ్లు కొందరు. "ఉన్న కాసిన్ని పక్షుల్ని కూడా మిగల్చరు" అని తిట్టేవాళ్లు కొందరు. రెండు వర్గాల మీదా నాకు కోపమే. ఇద్దరూ ఆ అంకె దగ్గరే ఆగిపోయారు. బాతుల మీద వేట ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోందో చూసే ఓపిక ఎవరికీ లేదు.

నేనూ వేటకు వెళ్తాను. మిసిసిపీ ఫ్లైవేలో (మిసిసిపీ నది వెంట వలస పక్షులు ప్రయాణించే దారిలో), ఎక్కువగా పబ్లిక్ భూముల్లో, అంటే ఎవరైనా వేటాడగల ప్రభుత్వ భూముల్లో. ఒక మనిషికి ఒకే రోజు మూడు పిన్‌టెయిల్స్ కొట్టే అవకాశం ఎన్నిసార్లు వస్తుందో వేటకు వెళ్లే ఎవరినైనా అడగండి. ఎక్కువ మంది ఎక్కువ రోజులు లిమిట్ దరిదాపుల్లోకి కూడా వెళ్లకుండానే ఇంటికొస్తారు. కాబట్టి లిమిట్ మూడింతలైందని చచ్చే పక్షులు మూడింతలు కావు. పిన్‌టెయిల్ తగ్గిపోవడానికి పెద్ద కారణం ప్రెయిరీలో, అంటే అవి గుడ్లు పెట్టే ఉత్తరాది గడ్డి మైదానాల్లో, ఉంది. అవి పొట్టిగా కోసేసిన పంట మోళ్లలో గూడు పెడతాయి, రైతు దున్నితే గుడ్లన్నీ పోతాయి. పైగా కరువొచ్చి చిన్న చిన్న కుంటలు ఎండిపోతే ఆ ఏడాది పిల్లలు తక్కువ. రోజుకు ఒకటే అని ఏళ్ల తరబడి కట్టడి చేసినా అవి పాత సగటుకు తిరిగి రాలేదు.

లిమిట్లు అస్సలు పనికిరావని నేను అనను. కాన్వాస్‌బ్యాక్ అనే బాతు బాగా తగ్గినప్పుడు 2008లో దాని సీజన్ మొత్తం మూసేశారు, అది సరైన పనే. అట్లాంటిక్ తీరంలో మలార్డ్‌లు (మరో రకం అడవి బాతులు) తగ్గుతున్నాయని 2019లో లిమిట్‌ని 4 నుంచి 2కి దించడం కూడా. నా గొడవ వేరే ఉంది. లిమిట్ గురించి ఇంత గొంతు చించుకునేవాళ్లు రోజుల గురించి, గంటల గురించి ఒక్క మాటైనా మాట్లాడరేం?

మిసిసిపీ ఫ్లైవేలో 1988 నుంచి 1993 దాకా సీజన్ 30 రోజులు, లిమిట్ 3 బాతులు. తర్వాత వానలు పడ్డాయి, బాతులు పెరిగాయి. 1995లో అడాప్టివ్ హార్వెస్ట్ మేనేజ్‌మెంట్ అనే పద్ధతి వచ్చింది. బాతుల లెక్క, కెనడా ప్రెయిరీలో కుంటల లెక్క చూసి కఠినం, మధ్యస్థం, ఉదారం అనే మూడు ప్యాకేజీల్లో (సీజన్ రోజులు, లిమిట్ కలిపి) ఒకటి ఎంచుకుంటారు. 1997 నుంచి మాకు దక్కుతున్నది ఉదారమే. 60 రోజులు, 6 బాతులు. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, మొత్తం సంఖ్యను అది బాగానే కాపాడింది. కానీ అది చూసేది ఏడాదికి ఎన్ని చస్తున్నాయి, ఎన్ని పుడుతున్నాయి అన్నదే. చలికాలంలో ఒక చిత్తడి నేల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం జరుగుతోందో ఆ లెక్కలోకి రాదు.

ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రూల్ ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకా కాల్చొచ్చు. బాతు తినాలన్నా, దిగాలన్నా, జత వెతుక్కోవాలన్నా ఉండే పగలంతా అదే. ఇలాంటి రోజులు 60. కాల్చనవసరం కూడా లేదు, బోట్లు తిరిగితే చాలు. ఒకప్పుడు మనిషి చేరలేని లోతు తక్కువ మడుగులు బాతులకు ఆశ్రయంగా ఉండేవి. ఇప్పుడు మడ్ మోటార్లు (బురద నీళ్ల కోసం చేసిన పడవ ఇంజన్లు) బురదలో కూడా దూసుకెళ్తాయి. 1970ల మొదట్లో డక్ స్టాంపులు (బాతుల వేటకు కొనాల్సిన ఫెడరల్ స్టాంపులు) ఏడాదికి 20 లక్షలకు పైగా అమ్ముడయ్యేవి, ఇప్పుడు సుమారు 15 లక్షలు. వేటగాళ్లు తగ్గారు, అయినా బాతుకు ప్రశాంతంగా వాలే చోటు తగ్గిపోయింది.

బాతులేమో మనం అనుకున్నదానికంటే చాలా త్వరగా నేర్చుకుంటాయి. పశ్చిమ టెన్నెసీలో జీపీఎస్ కట్టిన మలార్డ్‌లు పగలంతా వేట నిషేధించిన చోట కూర్చుని, చీకటి పడ్డాక మేతకు బయల్దేరుతున్నాయని పరిశోధకులు చూశారు. అయినా కొందరు వేటగాళ్లు జనవరిలో ఖాళీ ఆకాశం చూసి "బాతులే లేవు, లెక్కలన్నీ అబద్ధం" అని పోస్టులు పెడతారు. ఉన్నాయండీ. మనకు కనపడకుండా బతకడం నేర్చుకున్నాయి, అంతే.

చరిత్ర చూసినా ఇదే. వలస పక్షుల కోసం తెచ్చిన 1918 చట్టం వాటి అమ్మకాన్ని ఆపింది. 1935లో దీమం బాతుల్ని (అడవి బాతుల్ని రప్పించడానికి ఎరగా పెట్టే బతికున్న బాతుల్ని), గింజలు చల్లి కాల్చడాన్ని నిషేధించారు, తుపాకీలో మూడే తూటాలన్నారు. 1991 నాటికి బాతుల వేటలో సీసపు గుళ్లు దేశమంతటా పోయాయి. అవన్నీ వేట ఎలా చెయ్యాలో మార్చిన రూల్స్. ఆనాడు కూడా వేటగాళ్లు గోల చేశారు. ఈరోజు వాటిలో ఒక్కటైనా వెనక్కి తీసుకురమ్మని బుద్ధున్నవాడెవడూ అడగడు.

మరి ఇప్పుడేం చెయ్యాలంటారా? వాషింగ్టన్ వైపు చూడక్కర్లేదు. ఫెడరల్ వాళ్లు గీసేది బయటి గీత మాత్రమే. సీజన్‌ని ఎక్కడ విడగొట్టాలి, పబ్లిక్ భూమిలో ఎన్ని గంటలకు ఆపాలి, ఏ మడుగుని మూసెయ్యాలి అన్నవి రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. ఆర్కాన్సాలో చాలా పబ్లిక్ వేట భూముల్లో మధ్యాహ్నానికి తుపాకులు ఆగిపోతాయి. అదే అన్ని చోట్లా రావాలి. వారంలో కనీసం రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ప్రతి పెద్ద చిత్తడి నేలలో మనిషి అడుగు పెట్టని ఒక భాగం, కొన్ని మడుగుల్లో మోటార్లకు నిషేధం కావాలి. బయటి రాష్ట్రాల వాళ్లని ఆపేస్తే సరిపోతుందనేవాళ్లకు ఒక మాట. వాళ్లు ఇంట్లో కూర్చోరు, పక్క రాష్ట్రానికి పోతారు. ఒత్తిడి కూడా వాళ్లతోనే పోతుంది.

ఇది చెప్తే "పనిచేసుకునేవాడికి శనాదివారాలే దొరుకుతాయి, మాకెందుకు కోత?" అని కోప్పడతారు. న్యాయమైన బాధే, అందుకే విశ్రాంతి రోజులు వారం మధ్యలో పెట్టమంటున్నాను. మధ్యాహ్నం ఆపడానికి మాత్రం ఒప్పుకోవాల్సిందే. మా రాష్ట్రంలో వేట రూల్స్ పెట్టే కమిషన్ ఈసారి అభిప్రాయాలు అడిగినప్పుడు నేను రాయబోయేది ఇదే. పిన్‌టెయిల్ మూడా, ఒకటా అన్నదాని మీద ఒక్క వాక్యం కూడా రాయను.