దెబ్బ మనసుకు తగిలితే ఒంటికేం కాదా?

“ట్రామా గీమా అంతా ఈ కాలం పిల్లల సుకుమారం. మన తాతలు తుపాన్లూ కరువులూ చూశారు, ఎవరికీ ఏమీ కాలేదు. గుండె గట్టిగా ఉన్నవాడికి ఇవేవీ రావు. అయినా మనసు బాధ ఒంటినేం చేస్తుంది? కాలమే మానుపుతుంది, తవ్వితే ఇంకా పెరుగుతుంది.” ట్రామా అంటే ఘోరమైన ఘటన మనసు మీద మిగిల్చే గాయం. పై అర్థం వచ్చే మెసేజ్ ఏదో ఒక రూపంలో మీ ఫ్యామిలీ గ్రూపుకీ వచ్చే ఉంటుంది. ఇందులో కాస్త నిజం లేకపోలేదు. దాని సంగతి చివర్లో.

తాతలకు ఏమీ కాలేదట. ఎవరు చూశారు? 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. పోయినవాళ్లను లెక్క పెట్టారు. బతికి బయటపడి, గాలి హోరు వినగానే వణికిపోయేవాళ్లు ఉంటే వాళ్లను ఏ లెక్కలో వేయాలి? ఘోరమైన ఘటన తర్వాత ఆ భయం మనసును వదలకుండా వేధించే జబ్బుకు పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరు అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో. పేరు పెట్టకముందు జబ్బు లేదనుకుంటే ఎలా? దడుసుకున్న పిల్లాడికి తాయత్తు కట్టించిందీ, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచే కోడలికి భూతవైద్యుణ్ణి పిలిపించిందీ ఆ తాతలే కదా.

ఇక గట్టి గుండె. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ, పిరికివాళ్లనీ బ్రిటన్ తన సైనికులనే కాల్చి చంపింది. అలాంటి 306 మందికి 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. వాళ్లలో కొందరు అప్పటికే షెల్ షాక్‌తో, అంటే యుద్ధభయం మనసును దెబ్బతీసిన స్థితిలో ఉన్నవాళ్లు. ట్రెంచుల్లో (యుద్ధ కందకాల్లో) నెలల తరబడి నిలబడినవాళ్లను సుకుమారులంటే నేను ఒప్పుకోను.

అన్నిటికన్నా ప్రమాదమైన మాట “ఒంటినేం చేస్తుంది” అన్నది. భయం వేయగానే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పైకి లేస్తాయి. పాము ఎదురైనప్పుడు ఇది మంచిదే. ప్రమాదం దాటాక అన్నీ దిగాలి. ట్రామా మిగిలినవాళ్లలో చిన్న చప్పుడుకే మళ్లీ లేస్తాయి, నిద్ర పాడవుతుంది, ఏళ్ల తరబడి ఇదే సాగితే గుండె మీద భారం పడుతుంది.

ఒక్క రోజులోనే ప్రాణం తీసిన సందర్భాలూ ఉన్నాయి. 1994 జనవరి 17న అమెరికాలో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. లాస్ ఏంజిలిస్ కౌంటీలో గుండె జబ్బుతో హఠాత్తుగా చనిపోయేవాళ్లు అంతకుముందు రోజుకు సగటున ఐదుగురి లోపే. ఆ రోజు 24 మంది.

చిన్నతనం సంగతి ఇంకా లోతైనది. 1998లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఫెలిట్టి, అండా అనే డాక్టర్లు కాలిఫోర్నియాలో వేలమంది పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు: కొట్టడం, లైంగిక వేధింపు, తల్లిని హింసించడం, ఇంట్లో తాగుడు. ఇలాంటివి నాలుగు రకాలు, అంతకుమించి చూసినవాళ్లలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం లాంటి ముప్పులు ఏమీ చూడనివాళ్లకన్నా 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల, కాలేయ జబ్బులూ అనుభవాల సంఖ్యతో పాటే పెరిగాయి. అయితే ఇది గుంపు మీద వేసిన లెక్క, మనిషికి రాసిన జాతకం కాదు. ఇంటర్నెట్‌లో ఈ అనుభవాలు లెక్కపెట్టి స్కోరు వేసుకుని టెన్షన్ పడేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఇప్పుడు ఆ కాస్త నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మనసును గాయపరిచే ఘటన చూస్తారు, వాళ్లలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతానికే. ఎక్కువమంది సొంతవాళ్ల మధ్య వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. ప్రమాదం జరిగిన మర్నాడే కూర్చోబెట్టి “ఏం జరిగిందో మొత్తం చెప్పు” అని పీడించడం మంచిది కాదని ఆ సంస్థే అంటుంది. కానీ జబ్బు వచ్చినవాళ్లలో ఏడాదిలో కోలుకునేది మహా అయితే 40 శాతం. మిగతావాళ్లను కాలం ఏం మాన్పినట్టు? శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గర మెల్లగా, వాళ్ల ఇష్టం మీద ఆ జ్ఞాపకాన్ని విప్పుకోవడం తవ్వడం కాదు, అదే వైద్యం. సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు పడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర దానికి బదులు కాదు, అలవాటైతే అదో కొత్త తలనొప్పి.

పీడకలలు, ఉలికిపాటు, జరిగిన చోటుకు వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.