సవరణ: పాలీఆర్టరైటిస్ నోడోసా అంటువ్యాధి కాదు

టెక్కలిలో మా బంధువుకు పేగు కుళ్లి ఆపరేషన్ జరిగిన సంగతి రాసిన టపాలో, పాలీఆర్టరైటిస్ నోడోసా అనే ఈ రక్తనాళాల జబ్బు ‘హెపటైటిస్-బి (కాలేయానికి సోకే వైరస్ వ్యాధి) వల్ల వస్తుంది’ అన్న వాక్యాన్ని ‘కొందరిలో హెపటైటిస్-బితో ముడిపడి ఉంటుంది, చాలామందిలో కారణం తెలియదు’ అని చదువుకోగలరు. ఆ పాత వాక్యం చూసి, జబ్బు అంటుకుంటుందేమోనని మా బంధువు ఇంట మంచినీళ్లు తాగడానికీ కొందరు జంకుతున్నారట. చాలా బాధ కలిగింది. ఈ జబ్బులో మధ్యస్థాయి ధమనుల గోడలు వాచి, పేగులకు రక్తం సరిగా అందదు. అందుకే అన్నం తిన్నాక కడుపునొప్పి పెరుగుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి సోకదు. హెపటైటిస్-బి వైరస్ రక్తం, లైంగిక సంబంధం, కాన్పు ద్వారా సోకుతుంది గానీ కలిసి భోజనం చేస్తే కాదు. దానికి టీకా కూడా ఉంది. పైగా మా బంధువు రక్తపరీక్షలో ఆ వైరస్ అసలు లేదు. ఈ జబ్బు మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు, అయితే మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కనిపించే కిడ్నీ వ్యాధి వేరు.