'పరీక్షించుకొని మానేయండి' అని వాక్యంలో లేదు

మొన్న మొదటి ఆదివారం బల్లారాధనలో (యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) రొట్టె పళ్లెం మా వరుసకి వచ్చింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి డిగ్రీ చదువుతోంది, మా యూత్‌లో పాటలు పాడుతుంది. పళ్లెం అందుకుంది, తను తీసుకోకుండా నాకు ఇచ్చేసింది. వేళ్లు వణుకుతున్నాయి. ఇలా వరుసగా నాలుగో నెల. ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చోబెట్టి అడిగితే, "అక్కా, నేను తీసుకుంటే శిక్ష తెచ్చుకున్నట్టే కదా" అంది.

ఏం చేశావమ్మా అంటే పెద్దగా ఏమీ లేదు. వాళ్లమ్మతో గొడవపడి అన్న మాట ఒకటి. ప్రార్థనలో ఉండగా మనసులోకి వచ్చిపోయిన చెడ్డ ఆలోచన ఒకటి. వాటిని ఎన్నిసార్లు ఒప్పుకుందో తనకే లెక్క తెలియదు. ఒప్పుకున్న ప్రతిసారీ "నిజంగా పశ్చాత్తాపపడ్డానా, ఏమైనా వదిలేశానా" అని మళ్లీ మొదటికొస్తోంది. రాత్రి రెండింటికి లేచి మోకాళ్లూనుతోందట. (తనని అడిగే ఇది రాస్తున్నాను.)

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పళ్లెం అలా పక్కకి జరిపేయడం నేను చిన్నప్పుడే చూశాను. మా అమ్మ అలాగే జరిపేది.

నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు ఒక రాత్రి అమ్మ వరండాలో నేలమీద కూలబడి, "నువ్వు లేవు, ఉంటే ఇలా చేస్తావా" అని దేవుణ్ణి అడిగింది. నాన్న పోయారు. ఏడాది తిరక్కుండా గాజువాక వైపు ఒక కన్వెన్షన్‌కి వెళ్లాం. ప్రసంగీకుడు గంటన్నరసేపు క్షమాపణ లేని పాపం గురించే చెప్పాడు. ఒక్క మాట జారినా ఇక అంతే, నరకమే అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు రొట్టె ముట్టలేదు. మందిరం ఊడ్చేది, ఉపవాస ప్రార్థనకి అందరికంటే ముందు వెళ్లేది. బల్ల దగ్గరికొచ్చేసరికి తల దించుకునేది. అది అమ్మ భక్తి అనుకున్నాం మేము. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నా కోపం ఇక్కడే. పరిశుద్ధాత్మను దూషిస్తే ఎన్నటికీ క్షమాపణ లేదనే మార్కు సువార్త 3:29 బట్టీ పట్టిన వాళ్లు 28వ వచనం ఎందుకు చదవరు? మనుషుల పాపాలన్నిటికీ, వాళ్లు చేసే దూషణలన్నిటికీ క్షమాపణ ఉందని యేసే ముందు చెప్పాడు. 30వ వచనం ఎందుకు వదిలేస్తారు? ఆ హెచ్చరిక ఎవరికిచ్చాడో అక్కడ రాసే ఉంది. దయ్యాలు వెళ్లగొట్టడం చూసి కూడా, ఆయనకే అపవిత్రాత్మ పట్టిందన్న శాస్త్రులకి, అంటే ధర్మశాస్త్రం బోధించే పండితులకి. వాళ్లకి భయం లేదు, ఏడుపు లేదు, క్షమాపణ కావాలనే లేదు. మొగుడు చావుబతుకుల్లో ఉంటే ఏడుస్తూ దేవుణ్ణి నిలదీసిన ఆడమనిషికి ఆ మాట ఎలా అతికిస్తాం? ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు, ఒట్టు పెట్టుకుని మరీ చెప్పిన శిష్యుడు పేతురుకే "నా గొఱ్ఱెలను మేపుము" అని పని అప్పగించాడు కదా.

ఇక మొదటి కొరింథీ 11, పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం. అయోగ్యంగా ఆ రొట్టె తింటే శిక్ష తెచ్చుకున్నట్టే అనేది అందులోంచి తీసిన మాటే. "అయోగ్యముగా" అన్న ఒక్క మాట పట్టుకుని ఎంతమందిని బల్లకి దూరం చేశామో. కొరింథులో జరిగిందేమిటి? కలిగినవాళ్లు ముందే తినేసి, కొందరు మత్తులై, లేనివాళ్లని ఆకలితో కూర్చోబెట్టారు. పౌలు కోపం ఆ తినే తీరు మీద. 28వ వచనం చూడండి: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను; ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకొని తినమన్నాడు. పరీక్షించుకొని మానేయమనలేదు. యోగ్యులే రావాలంటే వడ్డించే పాస్టరు గారు కూడా లేచి వెళ్లిపోవాలి.

పాపం చిన్న విషయం అని నేననడం లేదు. పక్కవాడి స్థలం కలిపేసుకుని, చీటీ డబ్బులు ఎగ్గొట్టి, "దేవుడు నన్ను క్షమించాడు బ్రదర్" అనేవాళ్లు మన మధ్యే ఉన్నారు. యేసుని కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య అలా అనలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. కానీ నరకం ప్రసంగాలు వాళ్లకి తగలవు. వాళ్లు వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటుంటారు. ముందు వరుసలో కూర్చున్న మెత్తటి మనసు పిల్లకి తగులుతాయి.

ఈ బాధ మా సంఘానిదే కాదు. జ్ఞానాపురంలో నా క్యాథలిక్ స్నేహితురాలు పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి బయటికొచ్చి, ఒకటి మర్చిపోయానేమో అని మళ్లీ లోపలికెళ్లేది. మరచిపోయినవీ క్షమించబడ్డాయని ఆ ఫాదర్ ఓపిగ్గా చెప్పేవారు. మఠంలో ఉన్న రోజుల్లో సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా గంటల తరబడి ఒప్పుకుని, అవి వినే మఠపెద్ద స్టౌపిట్జ్‌ని అలసగొట్టినవాడే. కొందరికిది జబ్బుగానూ ముదురుతుంది. చేతులు కడిగిందే కడిగినట్టు ఒప్పుకున్నదే ఒప్పుకుంటారు. డాక్టర్లు దీన్ని ఓసీడీలో (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే మానసిక జబ్బు) ఒక రకంగా చూస్తారు. అలాంటి బిడ్డకి ఇంకో ఉపవాసం చెప్పకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అది అవిశ్వాసం కాదు.

సువార్తని తెలుగులోకి తెచ్చే పనికి దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డే గ్రాంజ్ 1805లో వచ్చింది మన విశాఖపట్నానికే. ఆనందరాయర్ అనే తెలుగాయన సాయపడ్డాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సేరంపూరులో అచ్చయ్యాయి. అందులో లూకా 15 ఉంది. యేసు చెప్పిన ఆ కథలో ఆస్తి తగలేసి ఇంటికి తిరిగొస్తున్న తప్పిపోయిన కొడుకు దారంతా ఒప్పుకోలు సిద్ధం చేసుకుంటాడు, చివర్లో "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అనాలనుకుంటాడు. ఆ చివరి మాట అననే లేదు. చెప్పేది పూర్తికాకముందే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు. ఒప్పుకోలు సగంలోనే ఉంది, కాళ్లకి చెప్పులు వచ్చేశాయి. సరిగ్గా ఒప్పుకున్నానా అని కుమిలిపోయేవాళ్లు ఆ రెండు వచనాలు, 19, 21, పక్కపక్కన పెట్టి చదవండి.

ఓసారి సండే స్కూల్లో మీకా 7:19 చెప్తున్నాను, మన పాపాలన్నిటినీ ఆయన సముద్రపు అగాధాల్లో పడేస్తాడని. జాలరిపేట పిల్లాడొకడు లేచి, "టీచర్, సముద్రంలో పడేసినవి మళ్లీ ఒడ్డుకొచ్చేస్తాయి కదా" అన్నాడు. బీచ్‌లో పూలు, కొబ్బరి చిప్పలు, చెప్పులు రోజూ చూస్తాడు మరి. నాకు జవాబు తోచలేదు. పక్కనున్న వాళ్లన్నయ్యే చెప్పాడు: "అవి ఒడ్డున పడేసినవిరా. నాన్న వల లోతులో తెగిపోయింది, వచ్చిందా?"

అమ్మ విషయం బయటపడింది ఒక రిటైరైన పాస్టరు గారి వల్ల. ఇంటికొచ్చి, బల్ల దగ్గరికి ఎందుకు రావడం లేదమ్మా అని అడిగారు. పదకొండేళ్లలో అడిగిన మొదటి మనిషి ఆయనే. ప్రసంగం చేయలేదు. మార్కు 3:28 తీసి, నువ్వే పైకి చదువు అన్నారు. అమ్మ మూడుసార్లు చదివింది. మూడోసారి "సమస్త పాపములును" అన్న చోట ఆగిపోయింది. ఆ నెల రొట్టె తీసుకుని, నమలకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

నిన్న రాత్రి ఆ అమ్మాయికి ఫోన్ కలిపి అమ్మకిచ్చాను. తలుపేసుకుని నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏం చెప్పావమ్మా అంటే చెప్పలేదు. వచ్చే మొదటి ఆదివారం ఆ పిల్లని నా పక్కన కూర్చోబెట్టు, అంది.