మెడోగ్ సంగతి సరే, మోటు సంగతో?

మొన్న టీ కొట్టు దగ్గర టీవీలో చైనా డ్యామ్ మీద చర్చ. 2025 జులైలో బ్రహ్మపుత్ర ఎగువన మెడోగ్ దగ్గర పని మొదలెట్టారు కదా, 60 వేల మెగావాట్లట. దిగువనున్న దేశాల్ని సంప్రదించకుండా ఎలా కడతారని యాంకర్ గారు ఊగిపోతున్నారు. నేనూ తలూపాను. పక్కనున్న మాస్టారు నవ్వి, "మరి మనల్నెవరు అడిగారోయ్?" అన్నారు. మాకు దిగువన గోదావరి మీద ఆంధ్రా కడుతున్న పోలవరం డ్యామ్ గురించే ఆయన మాట. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. అందుకే ఈ పోస్టు, కాస్త పొడుగే.

మాది మోటు. (పేరుకు తగ్గట్టే కొంచెం మోటుగా రాస్తాను.) మల్కన్‌గిరి జిల్లాలో, ఒడిశాకి దక్షిణాన చిట్టచివరి కొస. సీలేరు వచ్చి శబరిలో కలిసేది ఇక్కడే. ఒకవైపు ఛత్తీస్‌గఢ్ వాళ్ళ కోంట, ఇంకోవైపు ఆంధ్రా. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కోయ. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ చింతూరు వైపే.

శబరి కిందికి పోయి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉందంటే శబరికి దారి ఉండదు, వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మాకు మొదట చెప్పింది ఏ ఆఫీసూ కాదు. చింతూరు నుంచి మా బావ ఫోన్ చేశాడు. "బావా, కూనవరంలో ఆగేట్టు లేదు, కొట్టు సర్దేయ్." బియ్యం బస్తాలు ముందు బల్ల మీదికి, తర్వాత అటక మీదికి ఎక్కించాం. హడావుడిలో ఉప్పు బస్తా మరిచిపోయాం. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే గోనె సంచి ఉంది, ఉప్పు లేదు.

అది పోలవరం వల్లే అని నేననను. 1986లో అక్కడ ఏ కట్టా లేదు, భద్రాచలంలో 75 అడుగులు దాటింది. మా నాన్న ఇప్పటికీ ఆ వరదనే తలుచుకుంటాడు. నా గొడవ వేరు. కట్ట పూర్తయి సముద్రమట్టానికి 150 అడుగుల ఎత్తున నీళ్ళు నిలబెడితే, పైనుంచి వరద వచ్చిన రోజు మా శబరి ఎంత దూరం ఎగదన్నుతుంది? 1980 నాటి గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ వేసిన వరద లెక్క 36 లక్షల క్యూసెక్కులు. స్పిల్‌వేని, అంటే వరద వదిలే గేట్ల కట్టని, డిజైన్ చేసింది 50 లక్షలకి. ఈ తేడా మా ఊళ్ళో ఏ గడప దాకా వస్తుందో మాకు అర్థమయ్యేలా చెప్పినవాడు లేడు.

2005 అక్టోబర్లో పర్యావరణ అనుమతి ఇచ్చేశారు. ప్రజాభిప్రాయ సేకరణ సభలు మాత్రం ఆంధ్రా వైపే పెట్టారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో సభలు పెట్టలేదని 2007 డిసెంబర్లో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతినే కొట్టేసింది. ఆ కొట్టివేత మీద హైకోర్టు స్టే ఇచ్చింది. 2011లో కేంద్రం పని ఆపమంది, ఆ ఉత్తర్వునే మళ్ళీ మళ్ళీ పక్కన పెడుతూ వచ్చింది. మా ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో కొట్లాడుతోంది, సంతోషం. కానీ ఇక్కడ సభ పెడితే కట్టకి ఒప్పుకున్నట్టవుతుందని భయమో ఏమో, ఆ ఊసే ఎత్తదు. వాళ్ళూ వాళ్ళూ కోర్టులో, మేం ఏట్లో.

యూరప్‌లో దీనికి ఎస్పూ ఒప్పందం అని ఒకటుంది, ఫిన్లాండ్‌లో 1991లో రాసుకున్నది. నీ ప్రాజెక్టు దెబ్బ పక్క దేశానికి గట్టిగా తగిలేలా ఉంటే, నీ జనానికి చెప్పే నాటికే వాళ్ళకీ చెప్పాలి. అభిప్రాయం చెప్పే అవకాశం ఇరువైపుల జనానికీ సమానంగా ఉండాలి. మన దేశం అందులో లేదు. ఇంకో సంగతి: ఉరుగ్వే నది ఒడ్డున ఉరుగ్వే దేశం కాగితం గుజ్జు మిల్లు పెట్టనిస్తే ఎదురొడ్డు అర్జెంటీనా వాళ్ళు మూడేళ్ళకు పైగా వంతెన మూసేశారు. 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం ఏమందో తెలుసా? నది పాడైందని రుజువు కాలేదు, అయినా ముందు చెప్పకపోవడం తప్పే అంది. నేను అడుగుతున్నదీ సరిగ్గా అదే. నష్టం తర్వాత లెక్కేసుకుందాం, ముందు అడగండి.

అవి వేరే వేరే దేశాలు కదా అంటారేమో. ఒకే దేశం అయితే ఇంకా తేలిక కావాలిగా!

డ్యామ్ నీళ్ళు మా జిల్లాకి కొత్తేం కాదు. ఒడిశా, ఆంధ్రా కలిసి కట్టిన బలిమెల డ్యామ్ నీళ్ళ వెనక 151 ఊళ్ళు చిక్కుకుపోయి 'కటాఫ్ ఏరియా' అయ్యాయి. అక్కడికి గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు. అంతవరకూ ఆస్పత్రికైనా పడవే.

రేపు సభ పెట్టినా కాగితాలు ఒడియాలో వస్తాయి, మ్యాపులు ఇంగ్లీషులో. మా అమ్మకి తెలుగు తప్ప రాదు. నది పక్క కోయ ముసలాళ్ళకి అదీ అంతంతమాత్రం. "ఫలానా చింతచెట్టు దాకా నీళ్ళొస్తాయి" అని కోయలో చెప్పి, వాళ్ళేమంటారో రాసుకునే మనిషి కావాలి. దానికి పెద్ద ఖర్చేం కాదు.

ఇంకోటి, మా బావ ఊరు కూడా ముంపు జాబితాలో ఉంది. వాళ్ళని కాలనీకి పంపేశాక, కూనవరంలో నీళ్ళెంతున్నాయో మాకు ఫోన్ చేసేదెవరు?