కాంట్రాక్టర్ల యాప్ గారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ కాంట్రాక్టు వ్యాపార నిర్వహణ యాప్ గారి దివ్య సముఖానికి,

తమరు నా ఫోనులోకి వేంచేసినప్పటి నుంచి వ్యాపారం పచ్చగా ఉంది. అంటే, తమరి డాష్‌బోర్డులో గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. నా చేతిలో మాత్రం పైసా ఆడటం లేదు.

ముందుగా మంచి చెప్పేస్తాను, అది కాస్తే ఉంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఊరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. నా జీఎస్టీ నంబరు ఒడిశా కోడు 21తో మొదలవుతుంది, అవతలివాళ్లది ఆంధ్ర కోడు 37తో. ఇక్కడ ఇల్లు కడితే పన్ను కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా రెండు ముక్కలు. పాతపట్నంలో కడితే 18 శాతం ఒకే ముద్ద, రాష్ట్రం దాటిన పనికి వేసే ఐజీఎస్టీ. 1936లో ఒడిశా గీత గీసిన దొరలు చుట్టాలను చెరో పక్కన పడేసి పోయారు గానీ, ఆ గీత మీది లెక్క తమరు తప్పకుండా వేస్తున్నారు. సంతోషం.

ఇక హాజరు సంగతి. పొద్దున ఒక సెల్ఫీ, సాయంత్రం ఒక సెల్ఫీ. పొద్దున పోల్చిన మొహాన్నే సాయంత్రానికి సిమెంటు పట్టేసరికి తమరు పోల్చలేరు, పూట కూలి కోసేస్తారు. మా మేస్త్రీ అన్నాడు కదా, “బాబూ, నా మొకం నానే అద్దంలో సూసుకోను, ఈ పోనుకి రెండు పూట్లా సూపించాలేటి?” ఆయన 12ని 12తో హెచ్చవేసి 162తో భాగించి, 12 ఎంఎం ఊచ మీటరుకు 890 గ్రాముల దాకా తూగుతుందని బీడీ ముట్టించేలోగా చెప్పేస్తాడు. తమరేమో అదే లెక్కకి నెట్‌వర్క్ కావాలంటారు.

జూన్ నడిమిలో మా దగ్గర రజ పండుగ వస్తుంది. ఆ మూడు రోజులూ భూదేవి ముట్టులో ఉంటుందని నమ్మకం. దున్నరు, తవ్వరు, మట్టిలో గునపం దించరు. పునాది పని ఆగింది, కారణం చెప్పమన్నారు. చూస్తే తమరి జాబితాలో రజ లేదు, మంచు తుఫాను ఉంది! దాన్నే నొక్కాను. కాబట్టి తమరి రికార్డుల ప్రకారం గజపతి జిల్లాలో నడివేసవిలో మంచు కురిసింది. వాతావరణ శాఖవారు అడిగితే తమరే జవాబు చెప్పుకోవాలి.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నా అసలు బాధ తమరి చూపు ఎప్పుడూ కిందికే ఉండటం. కూలీ ఎప్పుడొచ్చాడు, మేస్త్రీ ఎక్కడ నిలబడ్డాడు, సిమెంటు బస్తా ఎవరు విప్పారు, అన్నీ తెలుసు. పైనున్నవాడు బిల్లు ఎప్పుడిస్తాడో మాత్రం తెలియదు. సర్కారు పనికి జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు, వచ్చి టేపు పట్టాలి, ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి, పైవారు సరిచూడాలి, అప్పుడు బిల్లు కదలాలి. కదిలాక “ఫండ్ రాలేదు” అన్న మాట వినాలి. ఆ బల్ల మీదకి తమరి జీపీఎస్ ఎక్కదు.

పైగా తమరు చూపిన చొరవ ఒకటుంది. బాకీ ఎర్రబడగానే, నన్నొక్క మాట అడక్కుండా, పెద్ద ఇంజనీరు గారి ఫోనుకే “ప్రియమైన కస్టమర్, మీ చెల్లింపు గడువు దాటింది” అని పంపారు. మర్నాడు ఆఫీసు గుమ్మం దగ్గరే గుమాస్తా ఆపాడు. “ఏటి బాబూ, సారు నీకు అప్పున్నారేటి?” అప్పే కదా మరి! ఆ ముక్క నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. నా ఫైలు మాత్రం కట్టలో అడుక్కి పోయింది. ఇప్పుడు దాన్ని పైకి తేవడానికయ్యే ఖర్చు ఏ పద్దులో రాయాలో తమరి మెనూలో వెతికాను. “ఇతరములు” తప్ప దొరకలేదు.

ఇంతలో ఏడాది చందా కట్టమని తమరి నోటీసు వచ్చింది. తప్పకుండా కడతాను, నాకు కట్టే పద్ధతిలోనే. ముందు తమరి జేఈని పంపి, ఎన్ని గంటలు పనిచేశారో కొలిపించి ఎం-బుక్కులో ఎక్కించండి. అందులో ఆదాయపు పన్ను కింద 1 శాతం, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, కార్మిక సెస్సు 1 శాతం కోసుకుంటాను. సెక్యూరిటీ డిపాజిట్టు నా దగ్గరే ఉంటుంది. ఒక వానాకాలం గడవాలి, తమరు ఎక్కడైనా కారతారేమో చూడాలి. మిగిలినది ఫండ్ రాగానే పంపిస్తాను.

ఇట్లు,
తమరి జాబితాలో “యూజర్”,
పర్లాకిమిడి