బ్యాటరీ దిగదు సరే, బోటు దిగితే?

వేట నిషేధం వస్తోందంటే చాలు, బోట్ల గ్రూపుల్లో అదే మెసేజీ: "బిల్జ్ పంపు వైరింగు – 5 సూత్రాలు". బిల్జ్ పంపంటే బోటు అడుగున చేరే నీటిని బయటికి తోడేది. నిన్న ఒక్కరోజే ముగ్గురు పంపారు. ఇక జవాబు రాయక తప్పదు.

"పంపు వైరు మెయిన్ స్విచ్ తర్వాత కలపండి, స్విచ్ ఆపితే బ్యాటరీ దిగదు." నిజమే, దిగదు. దిగేది బోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు కట్టేసి ఉంటుంది. షాఫ్టు గ్లాండు, అంటే ప్రొపెల్లర్ కడ్డీ బయటికి వెళ్లే చోటి సీలు, చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది, మధ్యలో వానలు. మనిషి లేనప్పుడు తిరగాల్సిన పంపుకే కరెంటు కోసేస్తే నీరు పెరిగితే తానే పంపు వేసే ఆ ఫ్లోట్ స్విచ్ ఎందుకు, దిష్టిబొమ్మకా? ఫ్లోటు లైను నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచే రావాలి, జానెడు లోపే దాని సొంత ఫ్యూజు ఉండాలి. చేత్తో నడిపే లైను వేరుగా స్టీరింగు దగ్గరి స్విచ్‌కి. ఆ స్విచ్‌లో "ఆఫ్" అనేదే లేకపోతే ఇంకా మేలు, మోచెయ్యి తగిలి ఆగిపోయే గొడవ ఉండదు.

"ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 20 ఆంప్స్ వేయండి." దండం! గంటకు 1100 గాలన్ల పంపు లాగేదే సుమారు 4 ఆంప్స్. ఏ ఫ్యూజు వేయాలో పంపు మీదే రాసి ఉంటుంది, 20 అని మాత్రం ఉండదు. వల దారం చుట్టుకుని ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) బిగుసుకుంటే కరెంటు అమాంతం పెరుగుతుంది. సరైన ఫ్యూజు అక్కడే పోతుంది. 20ది పోదు, దాని బదులు మోటారు వైండింగు కాలుతుంది. ఫ్యూజు పోతోందా, పంపు అడుగున ఉండే జల్లెడ, అదే స్ట్రెయినర్, విప్పి చూడండి.

"జాయింటుకు టేపు చాలు." చాలదు. ఉప్పునీరు రాగిపోగుల వెంట తొడుగు లోపలికి పాకుతుంది. తగరం పూత వైరు, జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు), జాయింటు నీటికి పైన. అంతే.

"1100ది ఉంటే రెండో పంపు దండగ." ఆ అంకె పైపు లేకుండా, ఎత్తు లేకుండా కొలిచింది, గంటకు సుమారు 4,100 లీటర్లు. మీటరు ఎత్తు, ముడతల పైపు, నీరసించిన బ్యాటరీ కలిస్తే బాగా తగ్గుతుంది. అడుగు లోతులో అంగుళం చిల్లు పడితే నిమిషానికి 40 లీటర్ల పైనే వస్తుంది, పంపు సత్తువంతా దానికే సరి. రెండో పంపు బెత్తెడు పైన బిగించండి: వేరే ఫ్లోటు, వేరే ఫ్యూజు, వేరే బ్యాటరీ. ఆ ఫ్లోటుకే బజర్ కలపండి.

ఒకటి ఒప్పుకోవాలి, బ్యాటరీ భయం ఉత్తది కాదు. చెత్త అడ్డుపడి ఫ్లోటు పైనే నిలిచిపోతే 100 ఆంప్-అవర్ బ్యాటరీ ఒక్క రోజులో ఖాళీ. అందుకే వారానికోసారి వెళ్లి ఫ్లోటు చేత్తో ఎత్తి, వదిలి చూడాలి. మామూలు కారుడుకైతే 40 వాట్ల సోలార్ ప్యానెల్, కంట్రోలర్ సరిపోతాయి.

ఐదో సూత్రం, బకెట్టు దగ్గర పెట్టుకోమని. మొదటి నాలుగూ పాటించినవాళ్లకి కావాల్సిందే.